గాజుమేడలో పేరీత వైద్యుడు

ధవళశృంగం మీద రెండే కాలాలు. ఒకటి చలికాలం, రెండోది మరీ చలికాలం. కొండ మొదట్లో దేవదారు చెట్లు, నడుమున గడ్డి, ఆ పైన కంటికి ఆనినంత మేరా మంచు తప్ప మరొకటి లేదు. అంత మంచులోనూ కొండ కొప్పున ఆకుపచ్చగా మెరిసిపోతూ ఒక మేడ నిలిచి ఉంది. దాని గోడలు గాజు, కప్పు గాజు, స్తంభాలు సైతం గాజు. పొద్దు పొడవగానే తూర్పు గోడ మీద ఎర్రని కాంతులు, మధ్యాహ్నానికి కప్పు మీద వేయి సూర్యుళ్ళు, సాయంకాలానికి మేడంతా కుంకుమపూల రంగు. చూసినవాడు నోరు తెరవాల్సిందే. తెరిచిన నోట్లో మంచు పడితే అది వాడి ఖర్మ.

బయట ఎంత చలో లోపల అంత వేసవి. మేడ కింద గుహలో ఒక అగ్నిసర్పాన్ని గొలుసుతో కట్టి పడేశారు. అది ఊపిరి వదిలినప్పుడల్లా వేడిగాలి రాతి గొట్టాల గుండా పైకి వచ్చి గాజుమేడంతా వ్యాపిస్తుంది. ఇంత ఏర్పాటూ చేసింది మాంత్రికుడు ధూమకుండలుడు. చేసింది తన కోసం కాదు, తన పేరీతల కోసం.

పేరీతను చూడనివారికి రెండు ముక్కలు చెప్పాలి. మొద్దు ఈతచెట్టులా గరుకుగా ఉంటుంది, నెత్తిన ఈకల్లాంటి ఆకులు గొడుగులా విచ్చుకుంటాయి. ఏళ్ళ తరబడి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటుంది. చచ్చిందనుకుని మనం ఆశ వదులుకున్నాక ఒక్కసారిగా ఆకులన్నీ వేసేస్తుంది. వీటిలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. మగది నెత్తిన మూరెడు కంకి వేస్తుంది, ఆ కంకిలోంచి పుప్పొడి రాలుతుంది. ధూమకుండలుడికి మనుషులంటే చిరాకు, పేరీతలంటే ప్రాణం. మనుషులను చూస్తే నవ్వడు, పేరీత కొత్త ఆకు వేస్తే చంటిపిల్లాడిలా చప్పట్లు కొడతాడు. వాటికి ఈమధ్య పిండినల్లి పట్టింది. ఆకుల అడుగున తెల్లగా బూజులా పాకిపోతోంది. పేరీతలకు వైద్యం తెలిసినవాడు కావాలని మాంత్రికుడు నాలుగు దిక్కులా దండోరా వేయించాడు.

ఆ దండోరా విని వచ్చిన ముసలి వైద్యుడే ఇప్పుడు గాజు తలుపు ముందు నిలబడి వణుకుతున్నాడు. గడ్డం ముసలిదే కాని మనిషి ముసలివాడు కాడు. వైదూర్యపురం చిన్న రాకుమారుడు అరిందముడు అతను. మేక వెంట్రుకల గడ్డాన్ని తుమ్మబంకతో అంటించుకుని, మూలికానందుడని పేరు పెట్టుకుని వచ్చాడు. నడుముకు కట్టిన గుడ్డలో మైనంతో మూసిన చిన్న శంఖం ఉంది. శంఖంలో చంద్రకాంత సరస్సు నీళ్ళు చారెడు ఉన్నాయి. ఆ సరస్సులోని మొసళ్ళ కన్నుగప్పి ఆ చారెడూ తేవడానికి అతను పడ్డ పాట్లు ఒక్క నోటితో చెప్పలేం. మంత్రం వల్ల చెట్టయిపోయిన మనిషి మొదట్లో ఆ నీళ్ళు పోస్తే తిరిగి మనిషవుతాడు. అయితే ఆ నీళ్ళు ఒక్కరికే సరిపోతాయి.

చెట్టయిన మనిషి ఎవరనుకున్నారు? అరిందముడి అన్న, యువరాజు సునందుడు. కత్తి పడితే వందమందికి బెదరని వీరుడే కాని, చక్కిలిగింతలంటే మాత్రం చచ్చేంత భయం. దర్జీ కొలతలు తీసుకోవడానికి చంక కింద దారం పెడితే చాలు, సింహాసనం మీంచి కింద పడి పొర్లి పొర్లి నవ్వేవాడు. అలాంటి అన్న వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ధూమకుండలుడు అతన్ని పేరీతగా మార్చి గాజుమేడలో నాటుకున్నాడని తెలిశాక అరిందముడికి కంటి మీద కునుకు లేదు.

తలుపు తెరుచుకుంది. ఎదురుగా ధూమకుండలుడు. చెవులకు పొగతో చేసిన కుండలాలు సుళ్ళు తిరుగుతున్నాయి. చేతిలో మంత్రదండానికి బదులు మట్టి తవ్వే చిన్న పార ఉంది. అతని పక్కన కుంకుడు నురగ బుంగ చంకన పెట్టుకుని ఒక అమ్మాయి నిలబడింది. పేరు వకుళ. గాజుమేడ పెత్తనమంతా ఆమెదే. ఆమె నోటికి మాంత్రికుడు కూడా కొంచెం జంకుతాడు.

"ఒకే ఒక్క ప్రశ్న" అన్నాడు ధూమకుండలుడు. "సరైన జవాబు చెబితే కొలువు. తప్పు చెబితే కప్పవై ఈ మంచులోనే గెంతుతావు. పేరీతకు నీళ్ళు ఎప్పుడు, ఎన్ని పొయ్యాలి?"

అరిందముడికి విలువిద్య తెలుసు, గుర్రపు స్వారీ తెలుసు, ఆరు భాషలు తెలుసు. మొక్కలకు నీళ్ళు పోయడం మాత్రం రాజమందిరం కిటికీలోంచి చూశాడంతే. అయినా తడుముకోకుండా గడ్డం నిమురుకుంటూ అన్నాడు.

"అదెంత పని స్వామీ! పొద్దున్నే ఓ కడవ, సాయంత్రం ఓ కడవ. నెత్తి మీంచి చల్లగా, ధారగా పొయ్యాలి!"

మాంత్రికుడి కుండలాల పొగ నల్లబడింది. అతని పెదవులు మంత్రానికి సిద్ధమై కదలబోతున్నాయి. అంతలో వకుళ కిలకిలా నవ్వేసింది.

"అబ్బ! ఏం చమత్కారమండీ వైద్యులుంగారూ! స్వామివారూ, విన్నారా? పేరీత నెత్తిన రోజుకి రెండు కడవలట! అలా పోస్తే మొవ్వు కుళ్ళి చస్తుందని పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. ఇంత గంభీరంగా మొహం పెట్టి పరాచికమాడారంటే, ఈయన ఎంత చెయ్యి తిరిగినవారో!"

ధూమకుండలుడు ఒక క్షణం తికమకపడ్డాడు. హాస్యం అర్థం కాలేదంటే చిన్నతనమని అతనూ నవ్వాడు. ముందు సన్నగా, తర్వాత మేడ అదిరేలా నవ్వాడు. "నెత్తి మీంచి ధారగానట! హహ్హహ్హా! నాకు నచ్చావయ్యా. ఇవాళ సాయంత్రం నాకొక ముఖ్యమైన పని ఉంది. అప్పటికల్లా మగచెట్ల ఆకులన్నీ శుభ్రం కావాలి" అని లోపలికి వెళ్ళిపోయాడు. అరిందముడు చెమట తుడుచుకున్నాడు. తుడుచుకున్న చెయ్యి జిగటగా తగిలింది. లోపలి వేడికి గడ్డం బంక కరగడం మొదలెట్టింది.

"ఈ అమ్మాయి నన్నెందుకు కాపాడింది?" అన్న సందేహం అతనికి రావలసిందే. కాని మన రాకుమారుడికి సందేహాలకు తీరిక ఎక్కడిది? చేతికి పార దొరికింది కదా అని దూకుడుగా పనిలో దిగాడు. మేడ మధ్యలో గద్దె మీద ఒక మహావృక్షం ఉంది. ఆకులు పసిడి రంగు, నెత్తిన బంగారు నూగుతో గిన్నెలాంటి పువ్వు. అదే బంగారు పేరీత, ఆడచెట్టు. లోకంలో అలాంటిది మరొకటి లేదు. దాని మొదట్లో ఇసుక కుప్పగా పోసి ఉండటం చూసి, చదును చేద్దామని పార ఎత్తాడు.

"ఆగండి!" అని వకుళ పరిగెత్తుకొచ్చి పార లాగేసుకుంది. ఆమె మొహం పాలిపోయింది. "ఈ చెట్టు మొదలు మీరు ముట్టుకోవద్దు. ఇసుక కదిలించనూ వద్దు. అర్థమైందా?"

"ఇసుకే కదా అమ్మాయీ..."

"ఇసుకే. అయినా వద్దు. పేరీతకి కావలసింది ఇసుక, గులకరాళ్ళు, కాస్త ఆకుమట్టి. నీళ్ళు ఎప్పుడంటే, వేలు పెడితే లోపల బాగా ఆరినప్పుడు. మొదలు చుట్టూ తప్ప నెత్తిన ఎప్పుడూ పొయ్యకూడదు. ప్రేమ ఎక్కువై నీళ్ళు పోసేవాళ్ళ చేతుల్లోనే ఇవి చస్తాయి. మర్చిపోకండి. వెళ్ళి మగచెట్ల ఆకులు తుడవండి" అంది.

మగచెట్లు పడమటి గోడ వెంట బారులు తీరి ఉన్నాయి. అన్నీ ఒకే ఎత్తు, ఒకే రంగు, నెత్తిన ఒకే రకం కంకులు. వీటిలో అన్న ఎవరు? అరిందముడు ఒక్కొక్క చెట్టు దగ్గరా ఆగి "అన్నయ్యా" అని గుసగుసలాడాడు. ఒక్కటీ పలకలేదు. ఈలోగా పొద్దు వాలింది. ఎండ ఎర్రబడింది. ఓ చెట్టు కంకి మీద అనుకోకుండా చెయ్యి వేసిన అరిందముడు ఉలిక్కిపడ్డాడు. కంకి వెచ్చగా ఉంది! మనిషి ఒళ్ళు ఎంత వెచ్చగా ఉంటుందో అంత వెచ్చగా ఉంది!

చెట్టుకు వేడి రక్తం ఎక్కడిది? ఇంకేముంది, ఇతనే అన్న! అరిందముడు ఆ చెట్టును రెండు చేతులా కౌగిలించుకుని, ముళ్ళు గుచ్చుకుంటున్నా లెక్కచేయక, "అన్నయ్యా! నేనే, నీ తమ్ముణ్ణి! ఎన్ని కష్టాలు పడ్డావన్నయ్యా!" అని బావురుమన్నాడు. మొద్దును ముద్దుపెట్టుకున్నాడు. కన్నీళ్ళు కారి గడ్డం పూర్తిగా ఊడి చెట్టుకు అంటుకుపోయింది. దాంతో చెట్టుకు గడ్డం వచ్చింది, మనిషికి పోయింది. అదేమీ పట్టించుకోకుండా అతను నడుము లోంచి శంఖం తీసి, మైనం ఊడబీకి, వంచబోయాడు.

వకుళ అతని మణికట్టు పట్టుకుంది.

"ఆ పక్క చెట్టు ముట్టుకోండి" అంది నెమ్మదిగా.

అతను ముట్టుకున్నాడు. అదీ వెచ్చగానే ఉంది. ఆ పక్కది కూడా. ఆ వరసలో చివరిదాకా వెళ్ళి చూశాడు. అన్నీ వెచ్చగానే ఉన్నాయి.

"మగ పేరీత కంకి విచ్చుకునే రోజున సాయంత్రమయ్యేసరికి వేడెక్కుతుంది. ఆ వేడికి వాసన లేస్తుంది, వాసనకి పెంకుపురుగులు వస్తాయి, వాటి వంటికి అంటుకుని పుప్పొడి ఆడచెట్టుకి చేరుతుంది. అన్ని మగచెట్లూ అంతే. ఇందాక మీరు కౌగిలించుకుని ముద్దులు పెట్టుకున్నది అచ్చంగా చెట్టే రాకుమారా" అంది వకుళ. నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంది.

అరిందముడి మొహం కందగడ్డయిపోయింది. "నేను రాకుమారుణ్ణని నీకెలా తెలుసు?"

"గడ్డం చెట్టుకి పెట్టి, అన్నయ్యా అని ఏడిచాక కూడా తెలియదా? అయినా నాకు మీ గురించి ముందే తెలుసు. గుమ్మంలోనే మీ నడుము గుడ్డలోంచి నీలంగా వెలుగు కనబడింది. చంద్రకాంత సరస్సు శంఖానికే ఆ వెలుగుంటుంది. అందుకే మిమ్మల్ని లోపలికి రానిచ్చాను." ఆమె దాపరికం లేకుండా అతని కళ్ళలోకి చూసింది. "దొంగిలిద్దామనుకున్నాను."

"ఎవరి కోసం?"

వకుళ వెనక్కి తిరిగి బంగారు పేరీత వైపు చూసింది. "ఆవిడ మా అమ్మ."

తర్వాత ఆమె గబగబా చెప్పిన మాటలు ఇవి. ఆమె తల్లి వసుమతి అడవి రాజ్యంలో పేరుమోసిన వైద్యురాలు. ధూమకుండలుడు ఆమెను బంగారు పేరీతగా మార్చాడు. ఆ చెట్టు గింజ తింటే ముసలితనం రాదట. కాని ఆమెలాగే మనిషి నుంచి మారిన మగచెట్టు లేనిదే గింజ ఎలా వస్తుంది? అందుకని సునందుణ్ణి పట్టుకొచ్చి మగచెట్టును చేశాడు. కూతురు వెతుక్కుంటూ వస్తే వెళ్ళగొట్టకుండా కొలువిచ్చాడు. తల్లిని కన్నకూతురికంటే బాగా ఇంకెవరు చూసుకుంటారు? అయితే ఆమె సునందుడి చెట్టును ఎక్కడ పాడు చేస్తుందోనని, దాన్ని మామూలు మగచెట్ల మధ్య కలిపేసి, ఏది ఏదో తనొక్కడే గుర్తుపెట్టుకున్నాడు. ఇవాళ కంకులు పండాయి. పొద్దు గుంకే వేళ అతను నెమలీకతో వచ్చి పుప్పొడి తీసి బంగారు పువ్వు మీద చల్లుతాడు.

"చల్లితే?" అన్నాడు అరిందముడు.

"మా అమ్మా, మీ అన్నా ఎప్పటికీ చెట్లే. ఇక ఏ నీళ్ళు పోసినా లాభం లేదు."

అరిందముడు చేతిలోని శంఖాన్ని చూశాడు. చారెడు నీళ్ళకు మనుషులు ఇద్దరు. "మరి నువ్వు దొంగిలించలేదేం?" అన్నాడు.

"మీరలా ఏడిచారు చూడండి, అది చూడలేకపోయాను. నేనూ మొదటి రోజున అమ్మని పట్టుకుని అలాగే ఏడిచాను" అంది వకుళ. మరుక్షణం మొహం తుడుచుకుని బుంగలోంచి కుంకుడు నురగ, కొబ్బరి పీచు తీసి అతని చేతిలో పెట్టింది. "నిలబడితే ఏమొస్తుంది? తుడుస్తున్నట్టు నటిస్తూ వెతకండి. మీ అన్న గురించి మీకు తెలిసింది ఏదో ఒకటి ఆ చెట్టులో ఉండే ఉంటుంది."

అరిందముడు ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని మొదలెట్టాడు. ఆకు ఎత్తి పట్టుకుని, అడుగున తెల్లగా పేరుకున్న పిండినల్లిని నురగతో రుద్దుతూ ఒక్కొక్క చెట్టే దాటుకుంటూ పోయాడు. మూల చెట్టు దగ్గరకు వచ్చాడు. మట్ట మొద్దుకు అతుక్కునే చోట, సరిగ్గా చంక అనదగ్గ చోట, పీచు పెట్టి గరగర రుద్దాడు.

చెట్టు వణికింది.

గాలి లేదు. అతను మళ్ళీ రుద్దాడు. ఆకులన్నీ గిలగిల కొట్టుకున్నాయి. మొద్దు మెలికలు తిరిగింది. కంకి పకపకమన్నట్టు ఎగిరెగిరి పడింది.

"అన్నయ్యా!" అరిందముడు ఆనందం పట్టలేక రెండు చేతులతోనూ చక్కిలిగింతలు పెట్టాడు. "నువ్వే! నువ్వే!"

"ఆపండి మహానుభావా, ఆపండి!" అని వకుళ పెద్దగా అరిచింది. "కంకి ఊగితే పుప్పొడంతా ఎగిరి మా అమ్మ పువ్వు మీద పడుతుంది!"

అప్పుడే పైన మెట్ల దగ్గర అడుగుల చప్పుడు వినిపించింది. నెమలీక పట్టుకుని, పట్టుబట్టలు కట్టుకుని, ఏదో కూనిరాగం తీస్తూ దిగుతున్నాడు ధూమకుండలుడు. క్షణంలో ఇక్కడికి వచ్చేస్తాడు. అరిందముడు శంఖాన్ని వకుళ వైపు చాచాడు.

"నువ్వే చెప్పు వకుళా. ఎవరికి పొయ్యను? నీకు అమ్మ, నాకు అన్న. నా ఒక్కడి ఇష్టానికి పొయ్యలేను."

వకుళ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తెరిచినప్పుడు వాటిలో నీళ్ళున్నాయి కాని గొంతు గట్టిగా ఉంది.

"మీ అన్నకి పొయ్యండి. మా అమ్మకి పిలక ఉంది, మీ అన్నకి లేదు."

"పిలకా?"

"మీరు ఇందాక పారతో నరకబోయారే, ఆ ఇసుక కింద ఉంది. మొద్దుని అంటుకుని ఉల్లిగడ్డలా ఉంటుంది. పేరీత ప్రాణం మొద్దులో ఎంతుందో పిలకలోనూ అంతే ఉంటుంది. విడదీసి ఎక్కడ నాటినా అదే చెట్టు. అమ్మ ఆ పిలక వేసిన రోజునే నేను ఇసుక కప్పి దాచాను, ఆయన కంటపడకుండా. బయటి చలికి చస్తుందని ఇన్నాళ్ళూ కదిలించలేకపోయాను. పొయ్యండి, ఇంకా చూస్తారేం?"

"ఎవరక్కడ గుసగుసలు?" అంటూ ధూమకుండలుడు వచ్చేశాడు. గడ్డం లేని వైద్యుణ్ణి చూశాడు. గడ్డమున్న చెట్టును చూశాడు. చేతిలో నీలంగా వెలిగే శంఖాన్ని చూశాడు. కుండలాల పొగ నిప్పురవ్వలు కక్కింది. "ద్రోహులారా! ఓం హ్రాం..."

మంత్రం పూర్తి కాలేదు. వకుళ కుంకుడు నురగ బుంగను ఎత్తి అతని తెరిచిన నోట్లోకి కుమ్మరించింది. మాంత్రికుడు "హ్రీం" అనబోతే నోట్లోంచి బుడగ వచ్చింది. "హ్రూం" అనబోతే ఇంకో పెద్ద బుడగ. ఒక్కో బుడగలోనూ ఒక్కో బీజాక్షరం చిక్కుకుని, గాలిలో తేలుతూ పోయి, గాజు కప్పుకు తగిలి టప్పున పేలింది. పేలిన చోటల్లా ఒక్కో కప్ప పుట్టి కింద పడసాగింది.

అరిందముడు మూల చెట్టు వైపు దూకాడు. తొందరలో తన పాత జవాబు ప్రకారమే శంఖం చెట్టు నెత్తి మీదికి ఎత్తాడు. అంతలో నాలుక్కరుచుకుని, మోకాళ్ళ మీద కూలబడి, మొదలు చుట్టూ జాగ్రత్తగా, ఒక్క బొట్టు వృథా పోకుండా పోశాడు. ఇసుక ఆ నీళ్ళను పీల్చుకుంది. మొద్దు మీది గరుకు పొలుసులు జలజల రాలాయి. మట్టలు చేతులయ్యాయి. కంకి తలపాగాలా నెత్తి మీంచి జారి కింద పడింది. మోకాలి లోతు ఇసుకలో నిలబడి, ఒంటి నిండా పసుపుపచ్చని పుప్పొడితో సునందుడు హాచ్చి హాచ్చిమని తుమ్ముతున్నాడు.

"ఒరే తమ్ముడూ!" అన్నాడు మొదటి మాటగా. "చెట్టునయ్యాకైనా ఆ బాధ తప్పిందనుకుంటే, వెతుక్కుంటూ వచ్చి మరీ చక్కిలిగింతలు పెడతావట్రా!"

అరిందముడు అన్నను వాటేసుకున్నాడు. ఈసారి కౌగిలించుకున్నది మనిషినే, సందేహం లేదు. కాని సంబరపడే వేళ కాదు. నోరు కడుక్కోవడానికి మాంత్రికుడు నీళ్ళ తొట్టి వైపు పరిగెడుతున్నాడు. ఎటు చూసినా గాజు గోడలు. తలుపు అతని అరచెయ్యి తగిలితే తప్ప తెరుచుకోదు.

"దారి నాకు తెలుసు" అన్నాడు సునందుడు. "ఇన్నాళ్ళూ ఊరికే నిలబడ్డాననుకున్నారా? నా వేళ్ళు గుహ దాకా దిగాయి. పాము గొలుసు కట్టిన మేకు సరిగ్గా నా కాళ్ళ కిందే ఉంది. దాన్ని వేళ్ళతో తడిమి తడిమి వదులు చేసి పెట్టాను. పైనుంచి లాగేవాడే లేకపోయాడు!"

అన్నదమ్ములిద్దరూ ఇసుకలోకి చేతులు దూర్చి, దొరికిన ఇనుప మేకును పట్టుకుని, ఒక్క ఊపున పెకలించారు. నేల గుడగుడలాడింది. బండలు ఎగిరిపడ్డాయి. ఎర్రని పొలుసులు, తాటి మొద్దంత ఒళ్ళు, కొలిమిలాంటి కళ్ళతో అగ్నిసర్పం పడగ ఎత్తి పైకి లేచింది.

"హమ్మయ్య!" అంది అది. "చెట్లకు చలి కాచీ కాచీ నా నడుము పడిపోయిందయ్యా. ఎవరు మీరు? ఎక్కండి, ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకుపోతాను. ఇక్కడ మాత్రం ఒక్క క్షణం ఉండను!"

వకుళ అప్పటికే బంగారు పేరీత ముందు కూర్చుని ఇసుక తవ్వుతోంది. రెండు గుప్పిళ్ళంత పిలక బయటపడింది. కొడవలి మొన పెట్టి నెమ్మదిగా, తొందర ఎంత తరుముతున్నా నెమ్మదిగా, మొద్దు నుంచి విడదీసింది. గాయానికి బూడిద అద్దింది. "అమ్మా, రా" అంది. పిలక చేతిలోకి రాగానే బంగారు పేరీత ఆకులన్నీ, ఎవరో ముడి విప్పినట్టు, ఒకేసారి కిందికి వాలిపోయాయి. గద్దె మీద మిగిలింది ఉత్త మొద్దు.

"నా బంగారు పేరీత!" అని ధూమకుండలుడు గుండెలు బాదుకున్నాడు. నోట్లో నురగ పోయింది. మంత్రాలన్నీ నాలుక కొసన సిద్ధంగా ఉన్నాయి. చెయ్యెత్తాడు. సరిగ్గా అప్పుడే అగ్నిసర్పం ముగ్గురినీ వీపున ఎక్కించుకుని పడమటి గోడను తలతో ఒక్క పోటు పొడిచింది. గాజు భళ్ళున పగిలింది. ధవళశృంగం చలిగాలి హోరుమని లోపలికి దూసుకొచ్చింది.

మాంత్రికుడి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. పారిపోతున్న శత్రువుల వైపు చూశాడు. వణుకుతున్న పేరీతల వైపు చూశాడు. ఆకుల కొసలు అప్పుడే నల్లబడుతున్నాయి. "అయ్యో అయ్యో, నా తల్లులు! నా బంగారు కొండలు!" అంటూ మంత్రాలు మరిచి, పట్టు ఉత్తరీయం తీసి ఒక చెట్టుకు కప్పాడు. తలపాగా విప్పి ఇంకో చెట్టుకు చుట్టాడు. గోనెల కోసం పరుగు తీశాడు.

అగ్నిసర్పం గోడ దాటుతుండగా వకుళ ఉండబట్టలేక వెనక్కి తిరిగి అరిచింది. "ముందు ఉత్తరపు మూల చిన్నవాటికి కప్పండి! వాటికి చలి బొత్తిగా ఆగదు!"

"నాకు తెలుసులే!" అని మాంత్రికుడు ఏడుపు గొంతుతో బదులరిచాడు. "కప్పడం అవగానే వచ్చి మీ ముగ్గుర్నీ బూడిద చేస్తాను! ముందు పెంకుపురుగుల్ని పంపుతున్నా, కాసుకోండి!"

సర్పం మంచు వాలున జారింది. దాని వేడికి మంచు కరిగి దారి కాలువవుతోంది. నిజానికి అది పాకడం లేదు, ఈదుతోంది. పైన ఆకాశం ఎర్రగా, రెండు పక్కలా పాలరాతి గోడల్లా మంచు చరియలు, వాటి మీద చివరి ఎండ. సునందుడు ఇన్నాళ్ళకు కాళ్ళు కదిలినందుకు సంతోషం పట్టలేక పాట ఎత్తుకున్నాడు. పాట బాగోలేదు కాని ఎవరూ ఆపలేదు.

వకుళ పిలకను ఒడిలో పెట్టుకుని పైటతో చుట్టి, రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది. అరిందముడు ఆమె వైపు జాలిగా చూశాడు. వెంటనే నడుముకున్న నీళ్ళ సొరకాయబుర్ర తీశాడు.

"పాపం, అమ్మగారికి దాహమేస్తుందేమో. రెండు చుక్కలు..."

"పోశారంటే చేతులు విరిచేస్తాను!" అంది వకుళ. "గాయం ఆరిందాకా చుక్క నీరు తగలకూడదు. ఇన్ని చెప్పినా బుర్రకెక్కదేమండీ మీకు! దీనికి కావలసింది వెచ్చదనం ఒక్కటే. అది ఉంటే నెలలైనా బతుకుతుంది. ఈలోగా మళ్ళీ చంద్రకాంత సరస్సుకి పోదాం."

"మళ్ళీ మొసళ్ళా!" అన్నాడు అరిందముడు. అయినా మరుక్షణం, "పోదాం. ఇంకో చారెడు తెద్దాం. మీ అమ్మని నీకు తెచ్చిచ్చేదాకా వైదూర్యపురం మొహం చూడను" అన్నాడు.

ఆ మాటకు వకుళ ఏదో చెప్పబోయింది. కాని సర్పం బుస్సుమని తల ఎత్తింది.

ముందు లోయ ఉంది. లోయ మీద, ఈ కొండనూ ఆ కొండనూ కలుపుతూ, మంచు వంతెన ఉంది. అద్దంలా తళతళలాడుతున్న ఆ వంతెన మీద నిప్పుల కొలిమిలాంటి సర్పం కాలు, అదే, పొట్ట మోపితే ఏమవుతుందో వేరే చెప్పాలా? వెనక్కి తిరిగి చూస్తే గాజుమేడ మీద నుంచి నల్లని మబ్బు లేచింది. అది మబ్బు కాదు. వేలాది పెంకుపురుగులు, ఒక్కొక్కటి గుమ్మడికాయంత, గుంయ్‌మంటూ దూసుకొస్తున్నాయి.

"ఆగే వీలు లేదు, నడిచే వీలు లేదు" అంది సర్పం. "ఎగరడమే. సగం దాకా వంతెన ఆగితే చాలు, తక్కింది నేను చూసుకుంటాను. ముందున్నవాళ్ళు నా మెడ గొలుసు పట్టుకోండి, గట్టిగా!"

ముందున్నది వకుళ. గొలుసు పట్టాలంటే రెండు చేతులూ కావాలి. ఆమె ఒడిలోకి చూసుకుంది. ఇసుక కింద దాచిన రోజు నుంచి దాన్ని మరొకరి చేతికి ఇవ్వలేదు. ఒక్కసారి గట్టిగా గుండెలకు హత్తుకుని, తిరిగి చూడకుండా వెనక్కి చాచింది.

"మీరు పట్టుకోండి" అంది.

అరిందముడు రెండు చేతులా అందుకున్నాడు. అందుకున్నవాడు ఉలిక్కిపడ్డాడు. "వకుళా! ఇది వెచ్చగా ఉంది!"

"ఇంతసేపూ నా ఒడిలో ఉందిగా" అంది వకుళ, గొలుసు చేతికి చుట్టుకుంటూ. "వెచ్చగా ఉండక ఏం చేస్తుంది?"

అరిందముడు ఉత్తరీయం తీసి రెండు మడతలు వేసి పిలక చుట్టూ కప్పి, దాన్ని తన గుండెకు ఆనించి పట్టుకున్నాడు. కాళ్ళ కింద వంతెన ఫెళ్ళున బీటలు వారింది. సర్పం ఎగిరింది.